కుక్క కరిచాక ఒంట్లో ఏం జరుగుతుంది? రేబీస్, టీకా, రోగనిరోధక శక్తి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకని జబ్బు రేబీస్. కానీ కరిచిన తర్వాత టీకా వేసుకున్నా తప్పించుకోగలిగిన జబ్బు కూడా అదే. ఈ రెండూ ఎలా కుదురుతాయో తెలిస్తే మన రోగనిరోధక వ్యవస్థ ఎలా పనిచేస్తుందో సగం అర్థమైనట్టే. ఇప్పుడే కుక్క కరిచి ఇది చదువుతున్నవాళ్లు మొదటి రెండు ప్రశ్నలు చూసి ఆసుపత్రికి బయలుదేరండి. మిగతాది తిరిగొచ్చాక తీరిగ్గా చదవొచ్చు.

కుక్క కరిచింది. ముందు ఏం చేయాలి?

గాయాన్ని పంపు కింద పెట్టి, సబ్బు రాస్తూ 15 నిమిషాలు కడగాలి. రెండు నిమిషాలు కడిగి చాలనుకునేవాళ్లే ఎక్కువ, అందుకే గడియారం చూసుకోమంటారు. రేబీస్ వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగించేస్తే వైరస్ పనికిరాకుండా పోతుంది. పారే నీళ్లతో గాయంలోని చొంగ కూడా కొట్టుకుపోతుంది. తర్వాత పోవిడోన్ అయోడిన్ (గాయాలకు రాసే క్రిమినాశక మందు) ఉంటే రాసి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

కారం, సున్నం, కాఫీ పొడి, ఆకు పసరు పెట్టొద్దు. ఇవి వైరస్‌ను చంపవు సరికదా, గాయాన్ని రేపి దాన్ని ఇంకా లోపలికి నెట్టే ప్రమాదం ఉంది. కుట్లు కూడా వీలైనంతవరకు వెంటనే వేయించుకోకూడదు. తప్పదంటే ముందు సీరం (టీకా పనిచేసేలోగా వైరస్‌ను అడ్డుకునే సూది మందు) ఎక్కించి, ఆ తర్వాతే వేస్తారు.

ఏ గాయానికి ఏం అవసరం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ కుక్క కాట్లను మూడు రకాలుగా విడదీసింది. కుక్కను ముట్టుకోవడం, అన్నం పెట్టడం, గాయం లేని చర్మాన్ని అది నాకడం మొదటి రకం. వీటికి చేతులు కడుక్కుంటే చాలు, సూది అక్కర్లేదు. రక్తం రాకుండా పన్ను గీరుకున్నా, గోరు రక్కినా రెండో రకం, టీకా కావాలి. చర్మం తెగి రక్తం వచ్చినా, పుండు మీద నాకినా, చొంగ కంట్లోనో నోట్లోనో పడినా మూడో రకం. అప్పుడు టీకాతో పాటు సీరం కూడా కావాలి.

పిల్లి, కోతి కరిచినా ఇదే లెక్క. "పిల్లే కదా రక్కింది" అని ఊరుకోవడం మన దగ్గర మామూలు. వైరస్‌కు మాత్రం కుక్కా పిల్లీ ఒకటే. ఇంట్లో ఎలుక కొరికితే సాధారణంగా రేబీస్ టీకా అవసరం ఉండదు.

ఒంట్లో తెల్ల రక్తకణాలున్నాయి కదా, వైరస్‌ను అవే ఎందుకు చంపవు?

ముందు మామూలుగా ఏం జరుగుతుందో చూద్దాం. మొదటి కాపలా చర్మం. చెక్కుచెదరని చర్మంలోంచి ఈ వైరస్ లోపలికి పోలేదు, అందుకే నాకినంత మాత్రాన భయపడక్కర్లేదంటారు. చర్మం తెగితే కొన్ని గంటల్లోనే ఆ చోటికి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు చేరతాయి, వాటి వెనకే మాక్రోఫేజ్‌లు వస్తాయి. గాయం చుట్టూ ఎర్రబడటం, వేడెక్కడం, వాయడం వీటి పనే. దొరికిన సూక్ష్మజీవినల్లా ఇవి మింగేస్తాయి. ఫలానా క్రిమి అని తేడా చూడవు. కుక్క నోట్లోంచి వచ్చే బ్యాక్టీరియాలో చాలా భాగం ఇక్కడే పోతుంది.

ఇంతలో డెండ్రిటిక్ కణాలనేవి ఆ క్రిమి ముక్కల్ని పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి వెళ్తాయి. కాలికి పుండైతే గజ్జల్లో బిళ్ళ కడుతుందంటాం కదా, అది ఆ గ్రంథే. అక్కడ బి-కణాలు, టి-కణాలు అనే తెల్లకణాలు కోట్లాదిగా ఉంటాయి. ఒక్కోటి ఒక్కో ఆకారాన్నే గుర్తుపట్టగలదు. వచ్చిన ముక్కతో సరిపోయిన కొన్ని కణాలు మాత్రం లేచి, విభజన చెంది వేలూ లక్షలూ అవుతాయి. బి-కణాల్లో కొన్ని ప్లాస్మా కణాలుగా మారి, క్రిమికి అతుక్కుని దాన్ని అడ్డుకునే యాంటీబాడీలను తయారుచేస్తాయి. మొదట వచ్చేవి ఐజీఎం రకం, తర్వాత వచ్చేవి ఐజీజీ రకం. దీనికంతటికీ వారం నుంచి రెండు వారాలు పడుతుంది. జలుబో ఫ్లూనో వస్తే ఈ లోపల కాస్త జ్వరం పడి లేస్తాం, అంతే.

రేబీస్ దగ్గర ఈ ఏర్పాటుకు అసలు కబురే సరిగ్గా అందదు. కాటుతో లోపలికి వెళ్లే వైరస్ చాలా కొద్ది. అది రక్తంలో తిరగదు. కండరంలో కొన్నాళ్లుండి, కండరాన్నీ నరాన్నీ కలిపే చోట నరం కొసలోకి దూరిపోతుంది. ఒకసారి నరంలోకి పోయాక బయట తిరిగే యాంటీబాడీలకు దొరకదు. పైగా తను ఉన్న నరకణాన్ని పగలగొట్టదు. కణాలు పగిలితే తెల్లకణాలు పసిగడతాయి, ఇక్కడ ఆ గొడవే లేదు. వైరస్ సోకిన కణం పక్క కణాలను హెచ్చరించడానికి ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని వదలాలి. రేబీస్ వైరస్‌లో ఉన్నవే ఐదు ప్రోటీన్లు, వాటిలో పి-ప్రోటీన్ ఆ హెచ్చరికను అడ్డుకుంటుంది. టీకా వేసుకోని రోగికి లక్షణాలు మొదలైన రోజున పరీక్ష చేస్తే, చాలాసార్లు రక్తంలో రేబీస్ యాంటీబాడీలు కనిపించనే కనిపించవు. మనిషి చావుకు దగ్గరవుతున్నా అతని రోగనిరోధక వ్యవస్థకు శత్రువు వచ్చినట్టే తెలియదు.

మరి ఇమ్యూనిటీ బాగా పెంచుకుంటే రేబీస్ రాదా?

రాదనుకుంటే ప్రాణం మీదికి తెచ్చుకున్నట్టే. ఉక్కులాంటి కుర్రాళ్లు కూడా ఈ జబ్బుతో పోయారు. బలం చాలక కాదు, వైరస్ వచ్చిందని ఒంటికి సమయానికి తెలియక. కషాయాలు, విటమిన్ మాత్రలు, 'ఇమ్యూనిటీ బూస్టర్' పొడులు ఆ కబురు చెప్పలేవు. చెప్పగలిగేది టీకా ఒక్కటే.

కరిచిన తర్వాత వేసే టీకా ఎలా పనిచేస్తుంది? తట్టుకు ముందే వేస్తాం కదా!

వైరస్ ప్రయాణం నిదానం కాబట్టి. నరం లోపల అది రోజుకు ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా కదులుతుందని అంచనా. కండరంలో ఆగే కాలం అదనం. అందుకే లక్షణాలు మొదలవడానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. కొందరిలో వారానికే రావచ్చు, కొందరిలో ఏడాది దాకా ఆగవచ్చు. పాదం మీది కాటు కంటే ముఖం మీదో మెడ మీదో పడిన కాటు ఎక్కువ ప్రమాదం, మెదడు దగ్గర కాబట్టి. చేతివేళ్ల మీద కాటూ ప్రమాదమే, అక్కడ నరాల కొసలు ఎక్కువ. చిన్నపిల్లలు పొట్టిగా ఉంటారు కాబట్టి కుక్క నోరు వాళ్ల తలా ముఖం ఎత్తులోనే ఉంటుంది. వాళ్ల విషయంలో ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదు.

టీకాలో ఉండేది చంపిన వైరస్. అది నరంలోకి పారిపోలేదు, ఇంటర్‌ఫెరాన్‌ను ఆపలేదు. భుజంలో సూది వేయగానే డెండ్రిటిక్ కణాలు దాన్ని పట్టుకుని చంకలోని గ్రంథికి తీసుకెళ్తాయి. వైరస్ ఒంటి మీద మేకుల్లా ఉండే జి-ప్రోటీన్‌ను బి-కణాలు చూస్తాయి. దానికి అతుక్కునే యాంటీబాడీలు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్యలో తగినంతగా తయారవుతాయి. రక్తం పోయే ప్రతి చోటికీ అవీ పోతాయి కాబట్టి, కాటు కాలి మీద పడినా సూది భుజానికి వేస్తే సరిపోతుంది. నరంలోకి ఇంకా దూరని వైరస్‌ను అవి పట్టేస్తాయి.

పిరుదుకు మాత్రం ఈ టీకా వేయకూడదు. అక్కడ కొవ్వు ఎక్కువ, మందు కొవ్వులో చిక్కుకుపోతే యాంటీబాడీలు సరిగ్గా రావు. పెద్దలకు భుజం, పసిపిల్లలకు తొడ ముందువైపు.

టీకా వేశాక మళ్లీ సీరం ఎందుకు?

టీకా ఫలితం రావడానికి వారం పైనే పడుతుందన్నాం కదా, ఆ వారం కోసం. సీరం, అంటే రేబీస్ ఇమ్యునోగ్లోబులిన్, వేరే ఒంట్లో ముందే తయారైన యాంటీబాడీలు. గుర్రాలకు టీకాలు వేసి వాటి రక్తంలోంచి తీసినది ఒక రకం, టీకాలు వేసుకున్న మనుషుల రక్తంలోంచి తీసినది ఇంకో రకం. ఇప్పుడు ల్యాబ్‌లో తయారయ్యే మోనోక్లోనల్ యాంటీబాడీలూ మన దేశంలో దొరుకుతున్నాయి. సొంత పంట చేతికొచ్చేదాకా అరువు తెచ్చుకున్న గింజల్లాంటివి ఇవన్నీ. కొన్ని వారాల్లో అయిపోతాయి, ఈలోగా మన పంట వస్తుంది.

సీరంను గాయం లోపలా చుట్టూ ఎక్కించాలి. నొప్పిగానే ఉంటుంది, కానీ వైరస్ ఉన్నది అక్కడే. మోతాదు మనిషి బరువును బట్టి ఉంటుంది. గుర్రపు సీరం కిలోకు 40 యూనిట్లు, మనిషి సీరం కిలోకు 20 యూనిట్లు మించకూడదు. ఎక్కువ ఇస్తే మంచిదే కదా అనిపిస్తుంది, కాదు. అరువు యాంటీబాడీలు మరీ ఎక్కువైతే టీకాలోని వైరస్‌ను కూడా కప్పేస్తాయి, మన సొంత తయారీ తగ్గిపోతుంది. సీరం, టీకా ఒకే చోట వేయకపోవడానికి, మొదటి టీకా వేసి ఏడు రోజులు దాటాక సీరం ఇవ్వకపోవడానికి కారణం కూడా ఇదే. అప్పటికి సొంతవి వచ్చేస్తుంటాయి.

నా అభిప్రాయం అడిగితే, మన దగ్గర ఎక్కువగా జారిపోతున్నది ఈ మెట్టే. సూది వేయించుకున్నాం, అయిపోయింది అనుకుంటారు. రక్తం వచ్చిన కాటైతే "సీరం కూడా ఇస్తారా?" అని మీరే అడగండి. చిన్న పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) లేకపోతే ఏ ఆసుపత్రిలో ఉందో చెప్పమని, అక్కడికి రాసిమ్మని అడగండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఈ కేసులు బాగా తెలిసిన చోట్లు.

ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మంలోకి చిన్న సూది వేశారు, ప్రైవేటులో కండలోకి వేస్తారట. మాకు తక్కువ మందు ఇచ్చారా?

మందు తక్కువే, ఫలితం తక్కువ కాదు. కండరంలో కంటే చర్మంలో డెండ్రిటిక్ కణాలు చాలా ఎక్కువ. అందుకే అక్కడ 0.1 మి.లీ. చొప్పున రెండు చోట్ల వేసినా, కండలోకి మొత్తం డోసు వేసినంత రక్షణ వస్తుంది. మన దేశంలో ఈ పద్ధతికి 2006లో అనుమతి వచ్చింది. ఒకరికి పట్టే మందు కొందరికి సరిపోతుంది కాబట్టి ప్రభుత్వ ఆసుపత్రులు దీన్నే వాడుతున్నాయి.

చర్మంలోకైతే 0, 3, 7, 28 రోజుల్లో, కండలోకైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. సున్నా రోజంటే మొదటి సూది పడిన రోజు, కరిచిన రోజు కాదు. చర్మంలోకి సరిగ్గా పడితే అక్కడ చిన్న బుడిపె లేస్తుంది.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారని మా తాతయ్య భయపెడుతున్నారు. నిజమా?

ఆయన కాలంలో నిజమే. ఈ కథ కాస్త పొడుగు, కానీ తెలుసుకోదగ్గది.

1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ అనే శాస్త్రవేత్త దగ్గరికి జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లాణ్ణి తీసుకొచ్చారు. పిచ్చికుక్క చాలాచోట్ల కరిచింది. రేబీస్ సోకిన కుందేళ్ల వెన్నుపామును ఆరబెట్టి, బలం తగ్గిన ఆ పదార్థాన్ని రోజురోజుకూ కాస్త ఘాటు పెంచుతూ మొత్తం 13 సూదులుగా ఇప్పించారు పాశ్చర్. పిల్లాడు బతికాడు. అప్పటికి యాంటీబాడీల సంగతే ఎవరికీ తెలియదు. ఒకరి సీరం ఇంకొకరిని కాపాడగలదని బేరింగ్, కిటసాటో అనే శాస్త్రవేత్తలు చూపించింది 1890లో. అంటే ఎందుకు పనిచేస్తుందో తెలియకుండానే టీకా వచ్చేసింది.

మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థలు మొదలయ్యాయి. డేవిడ్ సెంపుల్ అనే బ్రిటిష్ డాక్టరు 1911లో కసౌలీలో తయారుచేసిన టీకా దాదాపు శతాబ్దం పాటు మనకు దిక్కయింది. రేబీస్ సోకించిన గొర్రె మెదడులోని వైరస్‌ను ఫినాల్ అనే రసాయనంతో చంపి చేసిన మందు అది. డోసు పెద్దది, రోజూ వేయాలి. అంత మందు పట్టే చోటు పొట్ట, అందుకే బొడ్డు చుట్టూ.

నొప్పి కంటే పెద్ద సమస్య వేరే ఉంది. ఆ మందులో వైరస్‌తో పాటు గొర్రె నరాల పైపొర, మైలిన్, కూడా ఉండేది. అది మన మైలిన్‌ను పోలి ఉంటుంది. కొందరి రోగనిరోధక వ్యవస్థ దాన్నీ శత్రువనుకుని, ఆపైన సొంత నరాల మీదికే వెళ్లేది. కాళ్లూ చేతులూ చచ్చుబడినవాళ్లున్నారు. 2005 నాటికి దేశంలో ఆ టీకాకు స్వస్తి చెప్పారు. ఇప్పుడు వాడేవి మెదడుతో సంబంధం లేకుండా ల్యాబ్‌లో కణాల మీద పెంచి, చంపి, శుద్ధి చేసిన వైరస్ టీకాలు. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ చేసే అభయ్‌రాబ్ వీటిలో ఒకటి. భుజానికి వేసే మామూలు సూది. సూది పడ్డ చోట నొప్పి, కాస్త ఒళ్లునొప్పులు, నలత ఉండొచ్చు. అది ఒళ్లు స్పందిస్తున్న గుర్తు, టెన్షన్ పడక్కర్లేదు. తాతయ్యకు ఈ సంగతి చెప్పండి, ఎందుకంటే ఆ పాత భయంతోనే ఇప్పటికీ కొందరు ఆసుపత్రికి పోకుండా దాటేస్తున్నారు.

మూడేళ్ల కింద పూర్తి కోర్సు వేసుకున్నాను. మళ్లీ కరిచింది. మొదట్నుంచీ మొదలా?

అక్కర్లేదు. మొదటి కోర్సులో పుట్టిన బి-కణాల్లో కొన్ని జ్ఞాపక కణాలుగా ఏళ్ల తరబడి మిగిలిపోతాయి. ఇప్పుడు 0, 3 రోజుల్లో రెండు డోసులు వేస్తే అవి వెంటనే లేచి, మొదటిసారి కంటే త్వరగా, ఎక్కువగా యాంటీబాడీలు చేస్తాయి. సీరం అసలే వద్దు. కోర్సు పూర్తయి మూడు నెలలు కూడా దాటకపోతే, గాయం కడుక్కుంటే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అయితే దీనికంతటికీ పాత చీటీ చూపించగలగాలి. కార్డు పారేయకండి, కనీసం ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

మా ఇంటి కుక్కే కరిచింది, దానికి టీకాలన్నీ వేశాం. పది రోజులు చూసి వెళ్తే సరిపోదా?

పది రోజులు చూడటం మంచిదే, కానీ టీకా మొదలుపెట్టి చూడాలి. కుక్క చొంగలో వైరస్ అది జబ్బుపడటానికి కొద్ది రోజుల ముందు నుంచే వస్తుంది. ఆ దశకు వచ్చిన కుక్క పది రోజులు బతకదు. కాబట్టి కరిచిన కుక్క లేదా పిల్లి పది రోజుల తర్వాత ఆరోగ్యంగా ఉంటే ఆ కాటుతో రేబీస్ రానట్టే. మిగతా సూదులు ఆపాలా వద్దా డాక్టరు చెబుతారు. కోతికి ఈ లెక్క వర్తించదు.

చిన్న కుక్కపిల్ల పన్ను తగిలింది. దానికేం రోగం ఉంటుంది?

ఉండొచ్చు. కుక్కపిల్లకు మొదటి రేబీస్ టీకా సాధారణంగా మూడు నెలల వయసులో వేస్తారు, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అంతకుముందు టీకాను పనిచేయనివ్వకపోవచ్చని. ఈలోగా దానికి పిచ్చికుక్క కాటు పడితే? ముద్దుగా ఉందని మినహాయింపు ఇవ్వకండి.

ఒక డోసు తేదీ దాటిపోయింది. కరిచి నెలయింది, అసలు మొదలే పెట్టలేదు. ఇప్పుడేం లాభం?

తేదీ దాటితే ఆగిన చోటి నుంచి కొనసాగించండి, మళ్లీ మొదటికి రానక్కర్లేదు. అసలు మొదలే పెట్టకపోతే ఈరోజే మొదలుపెట్టండి. నెల గడిచినా, ఆరు నెలలు గడిచినా, లక్షణాలు రానంతకాలం ఇప్పుడే కరిచినట్టు లెక్కేసి టీకా, అవసరమైతే సీరం ఇస్తారు.

గర్భిణులు, పసిపిల్లలు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు వేసుకోవచ్చా?

అందరూ వేసుకోవాల్సిందే. చంపిన వైరస్ కాబట్టి కడుపులోని బిడ్డకు ప్రమాదం లేదు, పాలిచ్చే తల్లులూ వేసుకోవచ్చు. పిల్లలకూ పెద్దలకూ టీకా డోసు ఒకటే. ఎక్కువకాలం స్టెరాయిడ్లు, కీమోథెరపీ, అవయవ మార్పిడి మందులు వాడేవాళ్లు, హెచ్‌ఐవీతో ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. వాళ్లలో యాంటీబాడీలు సరిగ్గా రాకపోవచ్చు. అందుకే రెండో రకం గాయానికి కూడా సీరం ఇచ్చి, తర్వాత రక్తపరీక్షలో యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 యూనిట్లు దాటాయో లేదో చూడొచ్చు. మిగతావాళ్లకు ఆ పరీక్ష అవసరం లేదు.

పథ్యం ఉందా? మాంసం, గుడ్లు, వంకాయ మానేయాలా?

ఏమీ మానక్కర్లేదు. మామూలుగా తినండి.

లక్షణాలు మొదలయ్యాక ఎందుకు కాపాడలేరు?

నీళ్లు చూస్తే గొంతు కండరాలు పట్టేయడం, గాలి తగిలినా ఉలిక్కిపడటం కనిపించేసరికి వైరస్ మెదడంతా పాకి ఉంటుంది. మెదడుకూ రక్తానికీ మధ్య ఒక అడ్డుగోడ ఉంది. రక్తంలోని చాలా పదార్థాలను, తెల్లకణాలను లోపలికి సులభంగా రానివ్వదు. మామూలు రోజుల్లో అది మెదడుకు రక్షణ. ఇక్కడ అదే వైరస్‌కు రక్షణ అవుతుంది. అప్పుడు టీకా వేసినా, సీరం ఇచ్చినా యాంటీబాడీలు చేరాల్సిన చోటికి తగినంతగా చేరవు. కొందరిలో గోల, కలవరం ఏమీ లేకుండా కాళ్లు చచ్చుబడటంతోనే జబ్బు మొదలవుతుంది, దాన్ని పోల్చుకోవడం ఇంకా కష్టం.

2004లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో గబ్బిలం కరిచిన 15 ఏళ్ల అమ్మాయి టీకా లేకుండానే బతికింది. డాక్టర్లు మందులతో ఆమెను కోమాలో ఉంచి, ఆమె సొంత యాంటీబాడీలు తయారయ్యేదాకా సమయం కొనే ప్రయత్నం చేశారు. అదే పద్ధతిని తర్వాత చాలామంది మీద వాడితే దాదాపు ఎవరికీ ఫలించలేదు. ఇప్పటికీ ఏటా ప్రపంచంలో సుమారు 59,000 మంది రేబీస్‌తో చనిపోతున్నారని అంచనా. నూటికి 99 కేసులు కుక్కల వల్లే.

ఊళ్లో ఒక గేదెను పిచ్చికుక్క కరిచి, తర్వాత ఆ గేదె చచ్చిపోయింది. మేమందరం దాని పాలు, పెరుగు వాడాం. అందరం సూదులు వేయించుకోవాలా?

పల్లెల్లో ఇలాంటి వార్త పాకగానే ఊరంతా పీహెచ్‌సీకి పరుగెత్తడం చూస్తూనే ఉంటాం. కాచిన పాలలో ఈ వైరస్ బతకదు, కాచి తోడేసిన పెరుగూ అంతే. కాబట్టి వాటికి సూది అవసరం లేదు. పచ్చిపాలు తాగినవాళ్లు డాక్టరుతో మాట్లాడాలి. ఈ గొడవలో అందరూ మరిచిపోయే మనిషి ఒకరుంటారు. జబ్బుపడిన గేదె మేత తినలేకపోతుంటే గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టి చూసిన రైతు. చేతి మీద చిన్న గీత ఉన్నా ఆయనది మూడో రకం కిందికే వస్తుంది. టీకా, సీరం రెండూ ముందు ఆయనకు ఇప్పించండి.